నాలుక కింద ఏడు చుక్కలు

బ్రైడీ మళ్ళీ వీపు మీద తట్టింది. వేళ్ళ కణుపులతో రెండుసార్లు, తలుపు తట్టినట్టు.

"ఆపుతావా లేదా?" అన్నాడు మెర్వ్ వెనక్కి తిరక్కుండానే.

ఆదివారం పొద్దున ఎనిమిదన్నా కాలేదు, అప్పుడే రేకుల షెడ్డు కాలుతోంది. బల్ల మీద ఆల్చిప్పల కుప్ప ఉంది. మెర్వ్ ఒక గుత్తిని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతిలోని ఇనప బద్దతో సందుల్లో కొట్టి విడదీస్తున్నాడు. పెద్దవి తొట్టిలోకి, చిన్నవి మళ్ళీ నదిలోకి వెళ్ళాల్సిన బుట్టలోకి. దేనిమీదన్నా అనుమానం వస్తే ఇంకో చిప్పతో తట్టి వింటాడు. లోపల బతికుంటే రాయి మీద కొట్టినట్టు గట్టిగా పలుకుతుంది. చచ్చిందైతే బోలుగా పలుకుతుంది. దాన్ని బయటికి విసిరేస్తాడు.

ఈ పని ఎనిమిదేళ్ళ మనవరాలికి అతనే నేర్పాడు. ఆ దేశంలో వేసవి డిసెంబరు, జనవరుల్లో వస్తుంది; ఆ సెలవులన్నీ ఆమె ఈ బల్ల దగ్గరే గడిపింది. చేతులు చిన్నవే గాని చెవి మంచిది. వారం రోజుల నుంచి మాత్రం చిప్పల్ని వదిలేసి అతన్ని తడుతోంది. నిన్న తెల్లారి మంచం మీదుండగానే వచ్చి భుజం మీద తట్టి, అతను తిట్టేదాకా నిలబడి వెళ్ళింది.

"కడుపునొప్పి తాతా."

"నిన్నా అదే చెప్పావు."

"నిన్నా ఉంది."

"మంగళవారం స్కూలు తెరుస్తారు. బుధవారానికి అదే పోతుంది."

ఆమె చొక్కా కాలరు నోట్లో పెట్టుకుంది. ఆ కాలరు కొస అప్పటికే నానిపోయి పీచులు పీచులుగా ఉంది. మెర్వ్ చూసి ఇంకో గుత్తి అందుకున్నాడు. ఈ పిల్ల తల్లి ఉంటే లాగేసేది. రేలీన్ ఉత్తరాన గనుల్లో లారీ తోలుతుంది. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇక్కడ. స్కూలు తెరిచే వారం ఈసారి అక్కడ పడింది.

నది మీద ఇంజను చప్పుడు వినిపించింది. గ్లెనిస్ రేకు పడవ. ఆమెది రెండు మలుపుల అవతల ఇల్లు. పడవని రేవు దగ్గర ఆపి, తాడు చుట్ట పట్టుకుని పైకి చూసింది.

ఆ నది మీద ఎవరన్నా రేవుకొస్తే గట్టు మీదున్నవాళ్ళు వెళ్ళి తాడు అందుకుంటారు. పగవాడి తాడైనా అందుకుంటారు. మెర్వ్ ఆర్నెల్లుగా గ్లెనిస్ తాడు అందుకోవడం లేదు. ఆమె ఎప్పటిలాగే ఒక చేత్తో కొయ్యని పట్టుకుని, రెండో చేత్తో తాడు చుట్టి, మోకాళ్ళు పట్టుకుని ఎక్కింది. చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది.

"పిల్ల మొహం చూశావా మెర్వ్? సున్నం కొట్టినట్టుంది."

"నాకు కళ్ళున్నాయి."

"కోరల్ ఉంటే ఈపాటికి భయానికి పూల చుక్కలు పట్టించేది."

"కోరల్ లేదు."

"నా దగ్గర సీసా ఉంది, కావాలంటే..."

"నీ సీసా నా ఇంట్లోకి రాదు." ఇనప బద్దని బల్ల మీద పెట్టాడు. "నీ సీసాలు నా పెళ్ళానికి చేసిన మేలు చాలు."

గ్లెనిస్ మొహం కందిపోయింది. కిందటి ఆగస్టులో ఒక పొద్దున కోరల్ గుండెల్లో పట్టేసినట్టుందంటే పక్కన కూర్చున్నది గ్లెనిస్. నాలుక కింద చుక్కలేసింది. అరగంట తర్వాత ఫోన్ చేసింది. అంబులెన్సు పడవ వచ్చేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు. అప్పుడు మెర్వ్ ఆటు నీళ్ళలో ఆల్చిప్పల తట్టలు ఎత్తుతున్నాడు.

ఆమె డబ్బాని మెట్టు మీద పెట్టింది. "తిట్టుకో. కానీ పిల్లనడుగు. కోరల్ అడిగినట్టు అడుగు."

"ఇంకేమన్నా ఉందా?"

లేదు. ఆమె తాడు విప్పుకుని వెళ్ళిపోయింది. బ్రైడీ వచ్చి పక్కన నిలబడింది. చెయ్యి ఎత్తబోయి, అతని మొహం చూసి దించేసింది.

సోమవారం పొద్దున బ్రైడీ తిన్న రొట్టె ముక్క తిన్నట్టే కక్కేసింది. బాత్రూము గచ్చు మీద కూర్చుని, గోడకి వీపు ఆనించి, "అమ్మమ్మ చుక్కలుంటే వెళ్తాను" అంది.

"చుక్కలూ లేవు, గిక్కలూ లేవు. ఉత్త నీళ్ళవి."

"ఉత్త నీళ్ళే ఇవ్వు."

మెర్వ్ ఆమె మొహం తుడిచాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, కోరల్ పోయాక తెరవని అల్మరా తెరిచాడు. గోధుమరంగు సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద కోరల్ రాత. ఫ్లానెల్ పూల సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. అడుగున ఎండిపోయిన మరక. పక్కనే నోటు పుస్తకం. వెనక్కి తిప్పుకుంటూ పోయి ఆ పేజీ పట్టుకున్నాడు.

*పూలని వేళ్ళతో ముట్టుకోకు. ఆకుతో పట్టుకుని తుంచు. పల్చటి గాజు గిన్నె. వాన నీళ్ళు. ఎండలో మూడు గంటలు. నీడ పడకూడదు, నీది కూడా.*

"చెప్పులేసుకో" అన్నాడు, గాజు గిన్నె, వాన నీళ్ళ సీసా తీసుకుంటూ.

ఇంటి వెనక కొండ ఎక్కితే ఇసకరాతి బండలు. కాలం అయిపోవచ్చింది గాని, బండల సందుల్లో ఫ్లానెల్ పూలు ఇంకా అక్కడక్కడ ఉన్నాయి. ఉన్నిగుడ్డ కత్తిరించినట్టు తెల్లగా, అంచుల్లో పచ్చగా ఉంటాయి. మెర్వ్ ఆకుతో పట్టుకుని తుంచబోతే పువ్వు జారి కింద పడింది. రెండోదీ పడింది. ముప్పై కిలోల తట్టలు ఎత్తే చేతులకి అది చేతకాలేదు.

"నువ్వు జరుగు తాతా" అంది బ్రైడీ. రెండు ఆకుల మధ్య పువ్వుని ఇరికించి, కాడ మెలితిప్పి, గిన్నెలో వదిలింది. పువ్వు నీళ్ళ మీద తేలింది. "మొహం పైకి ఉండాలి. అమ్మమ్మ అలాగే పెట్టేది."

నీళ్ళు కనపడకుండా పూలు పరిచింది. గిన్నెని చదునైన బండ మీద పెట్టి కూర్చున్నారు. ఎండ పెరిగింది. బ్రైడీ గిన్నె చుట్టూ వంగి నడుస్తూ, తన నీడ ఎటు పడుతోందో చూసుకుంటోంది. ఒక కాకి వచ్చి కొమ్మ మీద వాలితే చప్పట్లు కొట్టి తోలింది.

"తాతా, నీ టోపీ నీడ!"

అతను జరిగాడు.

"ఇంకా!"

ఇంకా జరిగాడు. "బండ దిగి నదిలో పడమంటావా?"

బ్రైడీ నవ్వింది. వారంలో అదే మొదటిసారి. మూడు గంటల్లో ఒక్కసారి కూడా కడుపు పట్టుకోలేదు, కాలరు నోట్లో పెట్టుకోలేదు.

కోరల్ పిల్లల్ని ఎలా అడిగేదో మెర్వ్ ముప్పై ఏళ్ళు విన్నాడు. నదిమీది తల్లులందరూ స్కూళ్ళు తెరిచే ముందు పిల్లల్ని తీసుకొచ్చి ఈ వంటింట్లో కూర్చోబెట్టేవాళ్ళు. దేనికి భయం అని కోరల్ అడిగేది. ఏమో అనేవాళ్ళు. మళ్ళీ అడిగేది. ఏమో. అప్పుడు లేచి కెటిల్ పొయ్యి మీద పెట్టేది. మూడోసారి అడిగి, నీళ్ళు మరిగేదాకా నోరు విప్పేది కాదు. చెప్పేదాకా ఏ సీసా ముట్టుకునేది కాదు. ఆ నిశ్శబ్దం భరించలేక మెర్వ్ షెడ్డులోకి వెళ్ళిపోయేవాడు.

"స్కూలంటే దేనికే భయం?" అన్నాడిప్పుడు, నది వంక చూస్తూ.

బ్రైడీ చేతులు ఆగాయి. "ఏమో."

"సరే."

మధ్యాహ్నం దిగి వచ్చి, ఆకుతో పూలని తీసేసి, నీళ్ళు గుడ్డలో వడగట్టాడు. పుస్తకం చూశాడు. *సగం ఈ నీళ్ళు, సగం బ్రాందీ. అరచేతి మీద తట్టి కలుపు.* పేజీ అక్కడికి అయిపోయింది. బ్రాందీ అల్మరాలోనే ఉంది. చుక్కల సీసాలో సగం సగం పోసి, మూత బిగించి, అరచేతి మీద తట్టి, పుస్తకం మూసేశాడు.

మంగళవారం ఏడున్నరకి రేవు మీద నలుగురు పిల్లలు, ముగ్గురు తల్లులు ఉన్నారు. ముగ్గురి చేతుల్లోనూ చుక్కల సీసాలు.

"నాలుకెత్తరా. ఎత్తు... మింగకు, మింగకు, అలాగే ఉంచు. మింగాడు చూడు వెధవ!"

"అమ్మా, నాకు భయం లేదే."

"నాకుంది, వేసుకో."

స్కూలు పడవ నడిపే స్నో పొగ పీలుస్తూ చూస్తున్నాడు. మెర్వ్ జేబులోంచి సీసా తియ్యగానే పగలబడి నవ్వాడు. "నువ్వు కూడానా మెర్వ్? ఉత్త నీళ్ళని ఊరంతా చాటావు కదయ్యా. నాకూ రెండు చుక్కలు పొయ్యి, నడుం పట్టేసింది."

"నీకు చుక్కలు చాలవు, ముంచాలి."

బ్రైడీ నాలుక ఎత్తింది. ఏడు చుక్కలు వేశాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"మండుతోంది."

"మందంటే మండుతుంది."

"అమ్మమ్మది మండేది కాదు."

"ఇది కొత్తది." సీసా ఆమె జేబులో పెట్టి బొత్తం పెట్టాడు. "భయమేస్తే ఇంకొన్ని వేసుకో. ఏడవకు. టీచర్ని పట్టుకుని వేలాడకు."

ఆమె చెయ్యెత్తి అతని రొమ్ము మీద తట్టబోయింది. అందరూ చూస్తున్నారు. మెర్వ్ ఆ చెయ్యి పట్టుకుని పక్కకి తోశాడు. "ఎక్కు."

ఎక్కింది. పడవ మలుపు తిరిగేదాకా వెనక బెంచీ మీద కూర్చుని ఇటే చూసింది. ఏడవలేదు. ఉత్త నీళ్ళే పని చేశాయన్నమాట, అనుకున్నాడు మెర్వ్. కోరల్ వినుంటే ఏమనేదో కూడా అనుకున్నాడు.

ఆటు బాగా తీసింది. చదును పడవలో, నదిలో ఆల్చిప్పలు పెంచే తన మడులకి వెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో దిగి తట్టలు ఎత్తడం మొదలుపెట్టాడు. ఒక్కో తట్టని ఎత్తి, కుదిపి, నాచు తోమి, తిరగేసి పెట్టాలి. ఫోన్ తడవకుండా పడవలో డబ్బాలో ఉంది. నీళ్ళు తిరిగి తొడల మీదకి ఎక్కుతుంటే పదకొండు దాటిందని తెలిసింది. అప్పుడు ఇంజను చప్పుడు వినిపించింది. చప్పుడు మామూలుగా లేదు. ఎవరో ఇంజను పగిలిపోయేలా తోలుతున్నారు.

గ్లెనిస్. మడుల గుర్తు కొయ్యల మధ్యనుంచి అడ్డంగా వచ్చేసింది. అలా ఎవరూ రారు.

"బ్రైడీ కనపట్టం లేదు!"

అతని చేతుల్లో తట్ట ఉంది. దాన్ని జాగ్రత్తగా కిందికి దించాడు.

"స్కూలు వాళ్ళు నీకు ఫోన్ చేశారు, ఎత్తలేదు. నాకు చేశారు. నోట్లో సారా వాసనొచ్చిందట పిల్లకి. ఆఫీసుకి రమ్మని పిలిచారట. పిలవగానే లేచి పరిగెత్తిందట. గంటన్నర అయింది మెర్వ్. స్కూలంతా వెతికారు. కంచె దగ్గర సంచీ దొరికింది."

"కంచె ఎటువైపు?"

"నది వైపు."

అతను తన పడవని అక్కడే వదిలేసి ఆమె పడవ అంచు పట్టుకుని ఎక్కాడు. బూట్ల నిండా నీళ్ళు. "పోనియ్యి" అన్నాడు.

స్కూలు కూడా ఈ గట్టు మీదే ఉంది, ఆరు కిలోమీటర్ల ఎగువన. ఇక్కణ్ణించి అక్కడికి రోడ్డు లేదు. గట్టు వెంబడి అడవిలో పాత కాలిబాట ఒకటుంది. దాన్ని మధ్యలో ఒక పాయ కోస్తుంది. ఆటులో అది మోకాలి లోతు బురద. పోటులో మనిషి లోతు నీళ్ళు. ఇప్పుడు పోటు వస్తోంది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనలేదు.

గ్లెనిస్ గట్టుకి దగ్గరగా నడిపింది. మెర్వ్ ముందు నిలబడి మడ చెట్ల వేళ్ళ మధ్యకి చూస్తున్నాడు. తెల్లటిది ఏది కనపడినా ముందుకి వంగి చూశాడు. ఒక ప్లాస్టిక్ సంచి. ఒక కొంగ. ఒక విరిగిన తెడ్డు.

"బ్రైడీ!"

కొండ మీంచి అతని గొంతే తిరిగొచ్చింది. నీళ్ళు రంగు మారి, నురగతో, ఆకులతో పడవతో పాటే ఎగువకి ఎక్కుతున్నాయి.

"ఎంత పోశావు బ్రాందీ?" అంది గ్లెనిస్.

"సగం. కోరల్ రాసినంత."

"ఓరి దేవుడా. అది తల్లి సీసా మెర్వ్. దాన్నుంచి రెండు చుక్కలు తీసి మళ్ళీ నీళ్ళలో కలపాలి. పిల్లలకిచ్చేది ఆ నీళ్ళు. తర్వాతి పేజీలో ఉంటుంది."

అమ్మమ్మది మండేది కాదు. భయమేస్తే ఇంకొన్ని వేసుకో. మెర్వ్ పడవ అంచు పట్టుకున్నాడు. మెలికలు తిరుగుతున్న నీళ్ళ మీదనుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"ఆ రోజు ఫోన్ చెయ్యమని కోరల్ నీతో చెప్పిందా?"

"గట్టు చూడు నువ్వు."

"చెప్పిందా?"

"ఇప్పుడా అడగడం?"

అతను మూడోసారి అడిగి ఊరుకున్నాడు. ఇంజను మోగుతోంది. మలుపు దాటారు. పాయ నోరు ఇంకా కనపడలేదు.

"చెప్పింది" అంది గ్లెనిస్. "రెండుసార్లు చెప్పింది. చుక్కలు పని చెయ్యనీ కోరల్, తగ్గిపోతుంది అన్నాను. ఫోన్ చేస్తే అది నిజమైపోతుందని భయం. ఆ చుక్కలు నేనూ వేసుకున్నాను."

ఇంకో రోజైతే ఆమెని ఆ బురదలో దింపేసి వెళ్ళేవాడు. ఇప్పుడు పడవ ఆమెది, చుక్కాని ఆమె చేతిలో ఉంది, పిల్ల ఎక్కడుందో తెలీదు. ఆర్నెల్లు అతను ఆమెని తిట్టాడు. ఒక్కసారి కూడా అడగలేదు. కొండ మీద పిల్లని ఒక్కసారి అడిగాడు, అదీ నది వంక చూస్తూ.

పాయ నోటికొచ్చారు. నీళ్ళు అప్పటికే మడ వేళ్ళని ముంచేశాయి. పాయ మధ్యలో ఆల్చిప్పలు పట్టిన బండ ఒకటుంది, పోటు పూర్తిగా వస్తే అది కూడా మునుగుతుంది. దాని మీద బ్రైడీ ఉంది. మోకాళ్ళు గుండెలకి ఆనించుకుని కూర్చుంది. ఒక చెప్పు లేదు. కాళ్ళ నిండా గీతలు, నెత్తురు, బురద.

ఆమె అరవలేదు. పడవ దగ్గరికొచ్చేదాకా కదల్లేదు. మెర్వ్ నీళ్ళలోకి దూకి, ఛాతీ లోతులో నడిచి, చేతులు చాచాడు.

ఆమె రాలేదు. చెయ్యి ముందుకి చాపి వేళ్ళ కణుపులతో అతని రొమ్ము మీద తట్టింది. రెండుసార్లు. తల వంచి వింది. మళ్ళీ తట్టింది.

"నువ్వు బతికే ఉన్నావా తాతా?"

ఆమె నోట్లోంచి బ్రాందీ, కక్కు కలిసిన వాసన వచ్చింది.

"ఉన్నానే."

"మైకులో నా పేరు పిలిచారు. అమ్మమ్మ పోయినప్పుడు పిలిచినట్టే పిలిచారు. ఈసారి నువ్వే పోయావనుకున్నా."

మెర్వ్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆమెని బండ మీంచి ఎత్తుకుని పడవ అంచుకి అందించాడు. గ్లెనిస్ అందుకుంది.

బుధవారం పొద్దున పదింటికి స్కూలు ఆఫీసులో బల్ల మీద చుక్కల సీసా ఉంది. సగానికి పైగా ఖాళీ. దాన్ని ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి మూశారు.

హెడ్ మిసెస్ అక్రాయిడ్ కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. పక్కన నెరిడా అనే ఆవిడ, పిల్లల సంరక్షణ శాఖ నుంచి వచ్చింది. ఒళ్ళో కాగితాలు. ముందు బ్రైడీతో ఒక్కదానితోనే మాట్లాడాలంది. మెర్వ్ వరండాలో పిల్లల కుర్చీలో మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. తలుపు నలభై నిమిషాలు తెరుచుకోలేదు. రాత్రి ఫోన్లో రేలీన్ ఏడ్చింది, తర్వాత తిట్టింది, తర్వాత "దాన్ని తీసుకెళ్ళిపోతారా నాన్నా?" అంది. అతను తెలీదన్నాడు. ఇప్పుడా తలుపు వంక చూస్తూ అదే అనుకుంటున్నాడు.

వరండా చివర గ్లెనిస్ వచ్చి నిలబడింది. ఎవరూ రమ్మనలేదు.

లోపలికి పిలిచారు. బ్రైడీని క్లాసుకి పంపేశారు.

"టారెంట్ గారూ, ఎనిమిదేళ్ళ పిల్ల జేబులో బ్రాందీ పెట్టి స్కూలుకి పంపమని మీకెవరు చెప్పారు?" అంది మిసెస్ అక్రాయిడ్.

తలుపు దగ్గర గ్లెనిస్ గొంతు సవరించుకుంది. "అసలు నేనే..."

"నువ్వు ఊరుకో" అన్నాడు మెర్వ్. ఆమె మీద వేసెయ్యొచ్చు. ఆర్నెల్ల నుంచి అలాంటి చోటు కోసమే ఎదురుచూశాడు. "ఈవిడ చుక్కలిమ్మంది, నిజమే. పిల్లనడగమని కూడా అంది. అడగనిది నేను. పేజీ తిప్పనిది నేను. ఇంకొన్ని వేసుకోమన్నదీ నేనే."

నెరిడా రాసుకుంది.

"మేం చెయ్యాల్సింది మేం చేశాం" అంది మిసెస్ అక్రాయిడ్. "వాసన వచ్చింది. ఆఫీసుకి పిలిచాం. మా పద్ధతి అదే."

"మైకులో."

"అందరినీ మైకులోనే పిలుస్తాం."

"ఆగస్టులో కూడా మైకులోనే పిలిచారు. క్లాసులో పాట పాడిస్తున్నారట. పాట మధ్యలో ఆపించి పిలిచారు. ఈ గదిలోకొచ్చాక చెప్పారు, మీ అమ్మమ్మ చచ్చిపోయిందని. ఆ చెప్పినావిడ నుంచుని చెప్పిందట. మీరేనా అది?"

మిసెస్ అక్రాయిడ్ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది. ఆమెకి గుర్తులేదు. గుర్తులేదని మొహం మీదే తెలిసింది. నాలుగువందల మంది పిల్లలు. మెర్వ్ అది చూశాడు. క్షమించడానికి అతనికి కారణమేమీ కనపడలేదు.

"ఆ పిల్లని మళ్ళీ ఎప్పుడు పిలవాలన్నా మనిషిని పంపండి" అంది నెరిడా, తలెత్తకుండా. "రాసుకుంటున్నాను." తర్వాత మెర్వ్ వైపు తిరిగింది. "పిల్ల మీ దగ్గరే ఉండొచ్చు. ప్రస్తుతానికి. నేను మళ్ళీ వస్తానండీ. ముందుగా చెప్పి రాను."

"ఎన్నాళ్ళు?"

"చెప్పలేను."

అతను తలూపాడు. ఇకనుంచి నది మీద తెలియని ఇంజను చప్పుడు వినిపించినప్పుడల్లా ఈవిడేనేమో అనుకోవాలని అప్పుడే తెలిసిపోయింది.

సాయంత్రం బ్రైడీ వంటింట్లో బల్ల ముందు కూర్చుంది. కాళ్ళకి కట్లు. గుడ్లూ రొట్టే వండిపెడితే సగం తింది. మెర్వ్ నోటు పుస్తకం తీసి తర్వాతి పేజీ తిప్పి చదివాడు. కోరల్ అంతా రాసింది. మూసి పక్కన పెట్టాడు.

"రేపు స్కూలుకి వెళ్ళాలంటే నీకేం కావాలి?"

"ఏమో."

"ఏం కావాలి?"

"ఏమో తాతా." కాలరు నోట్లోకి వెళ్ళింది.

అతను లేచి కెటిల్ నింపి పొయ్యి మీద పెట్టాడు. తిరిగొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి కిటికీ వంక చూడలేదు. మూడోసారి అడిగాడు.

కెటిల్ అడుగున చిన్న చిన్న చప్పుళ్ళు మొదలయ్యాయి. షెడ్డులోకి వెళ్ళాలనిపించింది. బద్ద పట్టుకుని ఏదో ఒకటి కొట్టాలనిపించింది. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. బ్రైడీ ఆ చేతుల వంక చూసింది. ఆవిరి రావడం మొదలైంది. మూత కదిలింది.

"నువ్వు కనపడాలి" అంది.

"స్కూల్లోనా?"

"మధ్యలో. ఒక్కసారి. మా కిటికీలోంచి నది కనపడుతుంది."

అతను లేచి పొయ్యి కట్టేశాడు. ఏ సీసా తియ్యలేదు.

గురువారం పొద్దున గ్లెనిస్ పడవ వచ్చింది. బ్రైడీ పోగొట్టుకున్న చెప్పు బురదలో దొరికిందట, కడిగి తెచ్చింది. తాడు పట్టుకుని పైకి చూసింది. మెర్వ్ బల్ల దగ్గరే నిలబడి చిప్పలు తడుతున్నాడు. అతను కదల్లేదు. బ్రైడీ కుంటుకుంటూ వెళ్ళి తాడు అందుకుని కొయ్యకి చుట్టింది. మెర్వ్ చూశాడు. ఆమెని వెనక్కి పిలవలేదు.

స్కూలు పడవ వచ్చింది. ఎక్కేముందు బ్రైడీ అందరి ముందే అతని రొమ్ము మీద తట్టింది. స్నో పొగ పీలుస్తూ చూశాడు. మెర్వ్ ఆమె విని ముగించేదాకా నిలబడ్డాడు.

పన్నెండుకి పది నిమిషాల ముందు పని సగంలో వదిలి, చదును పడవలో ఎగువకి వెళ్ళాడు. పోటు మొదలై గంట దాటింది. స్కూలు రేవు దాటి, గట్టుకి ఇరవై గజాల్లో ఇంజను ఆపాడు. రేవు దగ్గర ఒక తెల్ల పడవ కట్టి ఉంది. ఎవరిదో తెలీలేదు. దాని వంక చూడకుండా ఉండడానికి ప్రయత్నించి, చూశాడు. తర్వాత పడవ మధ్యలో లేచి నిలబడి టోపీ తీశాడు.

వరసగా కిటికీలు. నాలుగోదాంట్లో ఒక చిన్న తల ఇటు తిరిగింది. చెయ్యి ఊపుతుందనుకున్నాడు. ఊపలేదు. అతన్ని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తల దించి రాసుకోవడం మొదలుపెట్టింది.

పడవ ప్రవాహానికి పక్కకి జరుగుతోంది. మెర్వ్ గడకర్ర దించి ఆపాడు. రేపు ఈ నీళ్ళు ముప్పావుగంట ఆలస్యంగా వస్తాయి. ఈ వేళకి ఇక్కడ బురదే ఉంటుంది. అప్పుడు పడవని నీళ్ళున్న చోట వదిలేసి, బురదలో నడిచొచ్చి ఆ కిటికీకి కనపడాలి.